నంబరు చూపించు, నంబరు దాచు

బండి నంబర్ల దొంగల గురించి జాగ్రత్తల జాబితా ఒకటి ఈ వారం నాకు ఏడు వాట్సాప్ గ్రూపుల్లోంచి వచ్చింది. చివరిసారి పంపింది మా అపార్ట్‌మెంట్ సెక్రటరీ గారు. అడుగున దణ్ణం బొమ్మ కూడా పెట్టారు. మన నంబరు ఎవడో వాడి బండికి తగిలించుకుంటున్నాడు కాబట్టి జాగ్రత్త పడాల్సింది మనమేనట. మొదటి సూత్రం: కారు నంబరు కనిపించేలా ఫొటోలు పెట్టకండి.

చదివి కిందికెళ్లి నా కారు చూశాను. ముందో ప్లేటు, వెనకో ప్లేటు, చాలదన్నట్టు అద్దం మీద స్టిక్కరు. అక్షరం ఎత్తెంత, మందమెంత, మధ్య ఖాళీ ఎంత అని చట్టమే కొలిచి మరీ చెప్పింది. కనపడకపోతే జరిమానా. ప్లేటుకు మాస్కు తగిలించిన కుర్రాళ్ల మీద కేసులు పెట్టేది అందుకేగా! అంటే అమీర్‌పేట సిగ్నల్లో ఊరందరికీ చూపించి తీరాల్సిన నంబరు, ఇంటికొచ్చి ఫొటో దిగేసరికి ఘోషా పాటించాలి.

మా బావమరిది కారుకి తాత్కాలిక నంబరు తీసి అసలు నంబరు బిగించిన రోజు పెద్దమ్మ గుడికి వెళ్లాం. టైర్ల కింద నిమ్మకాయలు నలిగాయి, కొబ్బరికాయ పగిలింది, అందరం ఫొటోకి నిలబడ్డాం. "ఆగండాగండి, నంబరు!" అని మా ఆవిడ కేక. బంతిపూల దండ కిందికి జార్చి చూశారు. రెండంకెలు కప్పింది, రెండు మిగిలాయి. చివరికి పులిహోర తిన్న విస్తరాకు ఒకటి తెచ్చి అడ్డం పెట్టారు.

ఆ నంబరేమైనా మామూలుదా? కూడితే తొమ్మిది రావాలని సిద్ధాంతి చెబితే, వేలంలో పాడి తెచ్చుకున్నాడు. నలుగురూ చూడాలనే కదా అంత పోసింది! ఇప్పుడు ఇంటి హాల్లో ఫ్రేము కట్టించిన ఆ ఫొటోలో దేవుడున్నాడు, బంధువులున్నారు, కారుంది, నంబరున్నచోట ఎంగిలాకు ఉంది.

అదే నంబరు మాల్ పార్కింగు కుర్రాడు చీటీ మీద రాసుకుంటాడు. వాచ్‌మన్ రిజిస్టర్లో రోజుకు రెండుసార్లు ఎక్కుతుంది. వాళ్ల ముందూ ఆకు పట్టుకుని నిలబడమంటారా?

రెండో సూత్రం హై సెక్యూరిటీ ప్లేటు. 2019 ఏప్రిల్ నుంచి కొత్త బండ్లకు దాంతోనే ఇస్తున్నారు, పాతవాటికి 2025 సెప్టెంబరు 30 లోగా బిగించుకోమని తెలంగాణలో చెప్పారు. అశోకచక్రం హోలోగ్రామ్, లేజరుతో చెక్కిన అంకెలు, ఊడదీస్తే విరిగే లాకు. సంతోషం. కానీ ఆ లేజరు అంకెలు కనపడాలంటే బంపరు ముందు గొంతుక్కూర్చోవాలి. స్తంభం మీది కెమెరా దిగొచ్చి కూర్చోదు. అది చదివేది పెద్దక్షరాలనే. అవి స్టిక్కర్ షాపులో ఎవడికైనా దొరుకుతాయి.

నా సంగతి చెబుతాను. నా కారుకు హెల్మెట్ లేదని చలానా వచ్చింది. ఫొటోలో స్కూటరు, దాని మీద ఎవరో కుర్రాడు. ట్రాఫిక్ పోలీసుల దగ్గరికి వెళ్లి అడిగితే ఆర్సీ, ఆధార్, కారుకి నాలుగు వైపులా ఫొటోలు తెమ్మన్నారు. ఆ రోజు నేనక్కడ లేనని రుజువు కావాలట. జ్వరమొచ్చి ఇంట్లో పడుకున్నాను, జ్వరానికి రసీదెవడిస్తాడు? "ఎందుకు సార్ తిరుగుడు, రాయితీ ఇచ్చినప్పుడు కట్టేయండి" అన్నాడు అక్కడి మనిషి, జాలిగానే. 2023 డిసెంబరులో అలాగే ఇచ్చారు, టూవీలర్లకు 80 శాతం, కార్లకు 60. మరి నాకెంత? బండి కారు, తప్పు స్కూటరుది!

నవ్వుకుని ఊరుకోలేకపోయాను. నా బండి రకం, కంపెనీ, రంగు, ఛాసిస్ నంబరు అన్నీ రవాణాశాఖ రికార్డులో ఉన్నాయి. రాసుకుంది వాళ్లే, ఫీజు పుచ్చుకుంది వాళ్లే. చలానా పంపేముందు ఆ ఒక్క వరుస చూస్తే కారేదో స్కూటరేదో తెలియదా? చూడనిది వాళ్లు, సెలవు పెట్టి తిరిగేది నేను. దొంగ హాయిగా ఉన్నాడు, వాడికి చలానా కూడా రాదు. ఇంత చేసి నాకు జాగ్రత్తలు చెప్పడానికి నోరెలా వస్తుంది?

2025 జనవరిలో ముంబై తాజ్ హోటల్ దగ్గర ఒకే నంబరుతో రెండు ఎర్టిగాలు దొరికాయి గుర్తుందా? లోను రికవరీ వాళ్లకు చిక్కకుండా ఒకాయన ఒక్క అంకె మార్చుకున్నాడని పోలీసులే చెప్పారు. ఆ నంబరు అసలు యజమాని అప్పటికే చేయని తప్పులకు చలానాలు అందుకుంటున్నాడు. చివరికి దొంగ బండిని పట్టించింది ఏ కెమెరా కాదు, హోలోగ్రామూ కాదు. ఎదురుగా తన నంబరే కనబడితే ఆయనే చూసి అరిచాడు.

కనబడింది కాబట్టి చూశాడు. ఆ పూట రెండు కార్లకూ విస్తరాకులు కట్టి ఉంటే, ఒకదాని పక్కన ఇంకొకటి పార్కింగు చేసుకుని ఎవరి దారిన వాళ్లు పోయేవాళ్లు.