ప్రశ్న ఉత్పన్నం కాదు

మొన్న ఆదివారం పొద్దున్నే మా ఆవిడ మూడు ప్రశ్నలు ఒక్కసారే వేసింది. కరెంటు బిల్లు కట్టారా? కడితే రసీదేదీ? కట్టకపోతే ఎప్పుడు కడతారు? ఆ సమయానికి నేను పాత శాసనసభ చర్చల సంపుటం ఒకటి ఒళ్లో పెట్టుకుని కూర్చున్నాను. నోటికి ఆ భాషే వచ్చింది.

"(అ) లేదండి. (ఆ) ప్రశ్న ఉత్పన్నం కాదు. (ఇ) విషయం పరిశీలనలో ఉంది."

ఆవిడ కాసేపు నా మొహం చూసింది. "మరి బిల్లు కట్టమని నేనిచ్చిన రెండు వేలేవండీ?" అంది.

చట్టసభల్లో దీన్నే అనుబంధ ప్రశ్న అంటారు. నాయకులకు ప్రశ్నలంటే భయమని లోకం అనుకుంటుంది కానీ, అది పొరపాటు. మొదటి ప్రశ్నకు ఎవరూ భయపడరు. లోక్‌సభలో దానికి 15 రోజుల ముందే నోటీసు ఇవ్వాలి. ఆ 15 రోజుల్లో సెక్షన్ ఆఫీసరు రాసి, పైవాళ్లు దిద్ది, కార్యదర్శి సంతకం పెట్టి, కాగితాన్ని మంత్రిగారి చేతికిస్తారు. ఆయన పని చదవడమే. ప్రమాదమంతా అది చదివి కూర్చున్నాక, అవతలివాడు లేచి "మరి?" అన్నప్పుడు వస్తుంది. దానికి కాగితం ఉండదు.

అందుకే నక్షత్రం గుర్తున్న ప్రశ్నకు అంత విలువ. మంత్రి నిలబడి నోటితో జవాబు చెప్పాలి, ఆపైన అనుబంధ ప్రశ్నలు కాచుకోవాలి. లోక్‌సభలో రోజుకు ఇలాంటివి 20 జాబితాకెక్కుతాయి. ఉన్న గంటలో నాలుగైదు తెమిలితే గొప్ప. నక్షత్రం లేనివి రోజుకు 230 దాకా ఉంటాయి, వాటికి జవాబు కాగితం మీదే. కాగితాన్ని ఎన్నిసార్లు "మరి?" అని అడిగినా అది నోరు విప్పదు.

ఇక "ఉత్పన్నం కాదు" అనే మాట సంగతి. ప్రశ్న నోటీసుగా అందింది, నంబరు వేయించుకుంది, అచ్చయి బల్లమీద కూర్చుంది. అయినా అది పుట్టలేదంటారు మంత్రిగారు. బిడ్డను పొత్తిళ్లలో పెట్టి చేతికిస్తే, కాన్పే కాలేదని మంత్రసాని వాదించినట్టు.

అనుబంధ ప్రశ్నకు ఇంత భయం ఊరికే పుట్టలేదు. 1957లో, కొత్తగా పెట్టిన జీవిత బీమా సంస్థ హరిదాస్ ముంద్రా కంపెనీల్లో సుమారు కోటీ 24 లక్షల రూపాయల వాటాలు ఎందుకు కొన్నదని లోక్‌సభలో ప్రశ్న మీద ప్రశ్న పడింది. డిసెంబరులో ఆ పట్టు పట్టినవాడు ప్రతిపక్షం మనిషి కూడా కాదు, కాంగ్రెస్ సభ్యుడు ఫిరోజ్ గాంధీ, సాక్షాత్తూ ప్రధాని అల్లుడు. అల్లుడు దశమగ్రహమని మనవాళ్లు పండగ కట్నాల సందర్భంలో అన్నారు గానీ, నెహ్రూగారికది సభలోనే అనుభవమైంది. ఆ కొనుగోలు మీద జస్టిస్ చాగ్లా విచారణ బహిరంగంగా జరిగింది. 1958 ఫిబ్రవరిలో ఆర్థిక మంత్రి టి.టి.కృష్ణమాచారి రాజీనామా చేశారు.

ఆ తర్వాత వచ్చినవాళ్లు దీన్నుంచి పాఠం నేర్చుకోలేదని అనడానికి వీల్లేదు. 2020 సెప్టెంబరులో కరోనా కారణంగా పార్లమెంటు సమావేశాల్లో ప్రశ్నోత్తరాల సమయాన్నే ఎత్తేశారు. రాతపూర్వక జవాబులు మాత్రం ఇచ్చారు. వైరస్ రాసిన ప్రశ్నతో అంటదు, లేచి అడిగినదానితోనే అంటుతుందని తేలిందన్నమాట. ఆ సమావేశాల మొదటిరోజే, లాక్‌డౌన్‌లో ఊళ్లకు నడిచిపోతూ ఎంతమంది వలస కూలీలు చనిపోయారని అడిగిన ప్రశ్నకు కార్మిక శాఖ జవాబు: అలాంటి లెక్కలు మా దగ్గర లేవు. మరి ఆ కుటుంబాలకు పరిహారం? ప్రశ్న ఉత్పన్నం కాదు. చావుకే లెక్క లేనప్పుడు పరిహారం ఎలా పుడుతుంది! ఆ జవాబు మీద "మరి?" అనడానికి ఆ రోజు ఎవరికీ వీల్లేకపోయింది.

ఆంధ్రప్రదేశ్‌లో ఇంత తంటా కూడా లేదు. అడగాల్సినవాళ్లే సభకు రారు. 2017 చివర్లో వైఎస్సార్‌సీపీ శాసనసభను బహిష్కరించింది. 2021 నవంబరులో చంద్రబాబుగారు మళ్లీ వస్తే ముఖ్యమంత్రిగానే వస్తానని శపథం చేసి వెళ్లి, 2024లో అన్నంత పనీ చేశారు. ఆ ఎన్నికల్లో 11 సీట్లతో మిగిలిన జగన్‌గారు, ప్రతిపక్ష హోదా ఇస్తేనే మాట్లాడడానికి సమయం దొరుకుతుందన్నారు. జీతభత్యాలకు మాత్రం హోదాతో పని లేదు. మిగిలిన సభలో ఏం జరుగుతుంది? అధికార పార్టీ సభ్యుడు లేచి "రోడ్లు అద్భుతంగా వేస్తున్న మాట వాస్తవమేనా అధ్యక్షా?" అంటాడు. "అవునండి" అంటారు మంత్రిగారు. అనుబంధ ప్రశ్నగా ఒక అభినందన.

సామాన్యుడికి సమాచార హక్కు ఉంది కదా అంటారు. ఉంది. 2005 అక్టోబరు నుంచి ఉంది. మన రాష్ట్ర నిబంధనల ప్రకారం గ్రామస్థాయిలో అడిగితే రుసుము లేదు, మండలంలో 5 రూపాయలు, ఆపైన 10. పెద్దవాళ్ల దగ్గరికి వెళ్లేకొద్దీ ప్రశ్న ఖరీదవుతుంది, న్యాయమే. తమాషా ఏమిటంటే, మనం పది రూపాయలిచ్చి అడగడం మొదలుపెట్టిన ఆ ఏడాది డిసెంబరులోనే, ప్రశ్నలడగడానికి డబ్బు పుచ్చుకుంటూ కెమెరాకు చిక్కి 11 మంది ఎంపీలు సభ్యత్వం పోగొట్టుకున్నారు. ఒకే సరుకు, రెండు ధరలు.

అయితే పది రూపాయల ప్రశ్నలో ఒక మెలిక ఉంది. "ఎంత ఖర్చయింది?" అనొచ్చు. "ఎందుకు ఖర్చుపెట్టారు?" అంటే, ఫైల్లో రాసి లేని కారణాలు సమాచారం కిందికి రావంటారు. జవాబుకు 30 రోజులు. దాని మీద "మరి?" అనాలంటే అప్పీలు, మళ్లీ 30 రోజులు.

విలేకరులైనా అడుగుతారనుకుంటే, 2019 మే 17న ఢిల్లీలో పార్టీ కార్యాలయంలో జరిగిన విలేకరుల సమావేశానికి ప్రధాని వచ్చారు, మాట్లాడారు. ప్రశ్నలకు మాత్రం పక్కనున్న పార్టీ అధ్యక్షుడే జవాబు చెప్పారు. మా ఇంట్లో ఆ సౌకర్యం లేదు. పక్కన కూర్చోబెట్టుకుందామంటే మా అబ్బాయి ఆవిడ పార్టీ.

అందుకని రెండు వేల విషయంలో ఆఖరి అస్త్రం తీశాను. "సమాచారం సేకరిస్తున్నాం, సభ ముందుంచుతాం" అన్నాను. పార్లమెంటులో ఈ మాట అంటే అది హామీ కింద లెక్క. మూడు నెలల్లో తీర్చాలి, తీరకపోతే చూడడానికి హామీల కమిటీ ఒకటి 1953 నుంచీ ఉంది. మూడు నెలలు చాలు నాకు.

ఆవిడ ఏమీ అనలేదు. నా ఒళ్లో సంపుటం తీసుకుని అట్ట తెరిచింది. లోపలి పేజీలో పాత పుస్తకాలవాడు పెన్సిల్‌తో వేసిన ధర ఉంది. దాన్ని చూసి, మంచం కింద ఉన్న మిగతా సంపుటాలు లెక్కపెట్టడానికి వంగింది.

"లెనిన్ సెంటర్‌లో పాత పుస్తకాల కొట్లకి ఎప్పుడెళ్లారు?"