మా కాలేజీ పంచాంగం

చిన్న మహిళా కాలేజీలో పండుగ ఎప్పుడు జరగాలో గోడ మీది పంచాంగం చెప్పదు. సెలవుల ఉత్తర్వు చెబుతుంది, గల్ఫ్ దేశాల డ్యూటీ టైమింగులు చెబుతాయి, అన్నిటికన్నా గట్టిగా చివరి బస్సు చెబుతుంది. జగిత్యాల, కోరుట్ల, సిరిసిల్ల, ఈ మూడు ఊళ్లలో ఆడపిల్లలకు తెలుగు చెబుతూ నేను నేర్చుకున్న జ్యోతిషం ఇంతే. ఏ ముచ్చట ఏ ఊరి కాలేజీదో అన్నిసార్లూ విడదీసి చెప్పను. చెప్తే మిగతా రెండు ఊళ్ల పిల్లలు అలుగుతారు.

తెలుగు చెప్పేవాళ్లకు ఒక శాపం ఉంది. ఏ కాలేజీకి బదిలీ అయినా సాంస్కృతిక కమిటీ కన్వీనర్ పదవి మనకంటే ముందే అక్కడికి చేరి కూర్చుంటుంది. ఫిజిక్స్ సారును పాట నేర్పమని ఎవరూ అడగరు. కామర్స్ మేడమ్‌కు డబ్బు సంచి అప్పజెప్తారు, ఆమె అందులోంచి ఒక్క పైసా బయటికి రానివ్వదు. పద్యం చదవగలిగిన మనిషి పందిరి కూడా వేయగలదని ప్రిన్సిపాళ్లందరి నమ్మకం.

మా కాలేజీ ఎంత చిన్నదంటే, స్టేజీ మీదున్న వాళ్లు కిందికి దిగితే తప్ప ప్రేక్షకులు ఉండరు. గ్రూప్ డాన్స్ అయిపోగానే ఆ గ్రూపే పరుగెత్తుకొచ్చి ముందు వరుసలో కూర్చుని చప్పట్లు కొడుతుంది. ప్రార్థన పాడే అమ్మాయి, యాంకరమ్మ, ఉత్తమ విద్యార్థిని, ముగ్గురూ ఒక్కతే. మూడోసారి స్టేజీ ఎక్కినప్పుడు తన పేరు తనే పిలుచుకొని, తనే సిగ్గుపడుతూ వచ్చి మెమెంటో అందుకుంటుంది.

ఏడాది ఫ్రెషర్స్ పార్టీతో మొదలవుతుంది. పెద్ద కాలేజీల్లో ర్యాగింగ్ నిషేధమని బోర్డులు పెడతారు. మాకు ఆ ఖర్చు లేదు. సీనియర్ అక్క గంభీరంగా పేరు అడుగుతుంది, ఊరు అడుగుతుంది, ఇంటిపేరు అడుగుతుంది. మూడో ప్రశ్నకల్లా “అయితే నువ్వు మా చిన్నమ్మ ఆడిబిడ్డ బిడ్డవే గద!” అని తేలిపోతుంది. ఆ తర్వాత ర్యాగింగ్ ఎవరు ఎవరిని చేయాలో వరసలు ఒప్పుకోవు.

సెప్టెంబర్ 5న స్వపరిపాలన. అమ్మల చీరలు కట్టుకొని పిల్లలు లెక్చరర్లవుతారు, మేం వెనక బెంచీల్లో కూర్చుంటాం. ఒక ఏడు ప్రిన్సిపాల్ అయిన బీఏ పిల్ల పొద్దున్నే గేటు దగ్గర నిలబడి, ఆలస్యంగా వచ్చిన అసలు లెక్చరర్లతో సంతకాలు పెట్టించుకుంది. మధ్యాహ్నానికల్లా ఏడాదిగా కారుతున్న నల్లాకు మనిషిని పిలిపించి బాగు చేయించింది. సాయంత్రం ఆమె కుర్చీ దిగుతుంటే స్టాఫ్ రూంలో అందరికీ కాస్త దిగులేసింది.

ఇవన్నీ సన్నాహాలే. అసలు పండుగ బతుకమ్మ. రాష్ట్ర పండుగ అని 2014లో ప్రకటించారు గానీ, మా దిక్కు ఆ సంగతి అంతకు ముందే అందరికీ తెలుసు. లెక్క ప్రకారం పెత్రమాస నాడు ఎంగిలిపూలతో మొదలై తొమ్మిదోనాడు సద్దులతో ముగియాలి. అప్పటికి దసరా సెలవులు వచ్చేస్తాయి, కాలేజీకి తాళం పడుతుంది. అందుకని మా దగ్గర తొమ్మిది రోజుల పండుగ ఒక్క మధ్యాహ్నంలో, అదీ పెత్రమాస రాకముందే అయిపోతుంది. మొదట్లో మా అటెండర్ అక్క చీపురు పట్టుకొని అడ్డం నిలబడ్డది.

“పెత్రమాస గాకముందే సద్దులేంది బిడ్డా?”

బీకాం పిల్ల తడుముకోలేదు. “సిలబస్ గాకముందే పరీక్ష పెడ్తలేరా అక్కా?”

అక్క చీపురు పక్కన పెట్టి, కొంగు నడుముకు దోపి, పసుపు ముద్ద కలిపి గౌరమ్మను తన చేత్తోనే చేసింది. శాస్త్రం మీద ఆమె పట్టుదల అంతటితో తీరిపోయింది.

ఆరోనాటి అలిగిన బతుకమ్మకు ఊళ్లో ఆట ఉండదు. మా కాలేజీలో అలక ఆట తర్వాత ఉంటుంది. మొదటి బహుమతి రాని గ్రూపులన్నీ అలుగుతాయి. బీజెడ్‌సీ వాళ్లు తంగేడు పక్కన ‘సెన్నా ఆరికులేటా’ అని, గునుగు పక్కన ‘సెలోషియా అర్జెంటియా’ అని చీటీలు గుచ్చుతారు. అటెండర్ అక్క వచ్చి “ఎవలకు పానం బాగలేదు, ఈ మందులేంది?” అని అడుగుతుంది. బీకాం వాళ్లు బతుకమ్మ కంటే ముందు పూల బిల్లు చూపిస్తారు. బీఏ వాళ్ల బతుకమ్మ ఎత్తు తక్కువే, కానీ సంప్రదాయం ఎక్కువని జడ్జిలకు చరిత్ర చెబుతారు.

పూలు ఊళ్ల నుంచి బస్సులో రావాలి. 2023 డిసెంబర్ 9న ఆడవాళ్లకు బస్సు ఉచితమయ్యాక మా బతుకమ్మల ఎత్తు పెరిగింది. రాయికల్ దిక్కు నుంచి వచ్చే పిల్ల ఒక్కతే ఇద్దరి సీటంత గునుగు మోపు ఎక్కించింది. కండక్టర్ “నీకు జీరో టికెట్ కొడ్త గని, దీనికేం కొట్టాలె?” అన్నాడట. “అది సుత ఆడిదే గద సార్, బతుకమ్మ!” అందట. ఇట్లాంటి జవాబులకు అంతర్గత మార్కులు వేసే వీలుంటే బాగుండు.

సిరిసిల్లలో ఇంకో చిక్కు. 2017 నుంచి కొన్నేళ్లు సర్కారు పంచిన బతుకమ్మ చీరలు, ఏటా దాదాపు కోటి, ఎక్కువగా అక్కడి మరమగ్గాల మీదే తయారయ్యాయి. రాష్ట్రమంతా ఈసారి అంచు ఏ రంగో అని ఎదురుచూస్తుంటే, మా పిల్లలకు ఎండాకాలంలోనే తెలిసిపోయేది. “కొత్త చీరలు కట్టుకొని రండమ్మా” అంటే, “నెలల సంది ఇంట్ల అదే చప్పుడు, అదే చీర. మాకు పాతదైంది మేడమ్” అనేవాళ్లు.

ఇంత ముందుగా, ఇంత హడావిడిగా ఎందుకు, ఎలాగూ ఇంట్లో ఆడతారు కదా అని కొందరు తల్లిదండ్రులు అడుగుతారు. ఇంట్లో సద్దుల నాడు ఈ పిల్ల పొద్దటి నుంచి సత్తుపిండి పట్టాలి, అందరికీ చాయ్ పెట్టాలి, తమ్ముని అంగీ ఇస్త్రీ చేయాలి. ఆడే వేళకు కాళ్లు గుంజుతుంటాయి. పెళ్లయితే ఏ ఊళ్లో, ఎవరి వాకిట్లో పేర్చాలో వేరేవాళ్లు చెబుతారు. తను చందా వసూలు చేసి, తను మైకు మాట్లాడి, తను రంగు అద్దిన గునుగుతో ఆడేది కాలేజీ బతుకమ్మ ఒక్కటే. అది పెత్రమాస దాకా ఆగమంటే ఎట్లా ఆగుతుంది?

జనవరి 3 సావిత్రీబాయి ఫూలే జయంతి. 1848లో పుణేలో ఆడపిల్లలకు బడి తెరిచిన ఆమె పుట్టినరోజును 2025లో మన రాష్ట్రం మహిళా ఉపాధ్యాయ దినోత్సవం చేసింది. ఆ రోజు పిల్లలు మాకు పూలిస్తారు. ఆ వెనకే, సంక్రాంతి సెలవులు రాకముందే ముగ్గుల పోటీ. ఇప్పటి ముగ్గులకు చుక్కలు చాలవు, సందేశం కావాలి. ఒక ఏడు ‘నీటిని పొదుపు చేద్దాం’ అన్న ముగ్గుకు మొదటి బహుమతి వచ్చింది. మరునాడు దాన్ని కడగడానికి రెండు డ్రమ్ముల నీళ్లు పట్టాయి.

ఇక వార్షికోత్సవం. దానికి వారం శుక్రవారం. లక్ష్మీదేవికి ఇష్టమైన రోజని ఊళ్లోవాళ్లు అనుకుంటారు. సంగతి వేరే. ఈ మూడు ఊళ్ల చుట్టుపక్కల గల్ఫ్‌లో మనిషి లేని వాడకట్టు దొరకడం కష్టం. సౌదీ, కువైట్, ఖతార్‌లలో సెలవు శుక్రవారం. బిడ్డ డాన్స్ నాయిన చూడాలంటే అదే ముహూర్తం. 2022లో యూఏఈ వారాంతపు సెలవును శని, ఆదివారాలకు జరిపాక మా కాలేజీలో రెండు పార్టీలు లేచాయి. దుబాయ్ పార్టీ ఆదివారం పెట్టమంది, కువైట్ పార్టీ శుక్రవారమే అంది. ఆదివారం ఓడిపోయింది. ఆ రోజు కాలేజీకి రావడానికి లెక్చరర్లు ఒప్పుకోలేదు.

గడియారం కూడా చూడాలి. దుబాయ్ మనకంటే గంటన్నర వెనక, సౌదీ రెండున్నర గంటలు వెనక. “మేడమ్, మా డాన్స్ ఐదింటికి పెట్టుండ్రి, అప్పటికి మా నాయిన తిని పండుకొని లేస్తడు” అని ఒకతి. “మా నాయినకు శుక్రారం సుత డ్యూటీనే, సందుల ఫోన్ ఎత్తుతడు, మాది ముందల ఏయుండ్రి” అని ఇంకొకతి. చివరికి మా కార్యక్రమ పట్టిక ఇట్లా ఉంటుంది: ఆరో అంశం, జానపద నృత్యం, బీకాం రెండో సంవత్సరం, ఖతార్. ముందు వరుసలో తండ్రులంతా ఫోన్లలో కూర్చుంటారు, ఒక్కో స్నేహితురాలి చేతిలో ఒక్కో నాయిన. సిగ్నల్ సరిగా లేని నాయిన చప్పట్లు తర్వాతి పాట మధ్యలో వినపడతాయి.

ముఖ్య అతిథిగా ఎవరిని పిలుద్దామంటే పిల్లలు ప్రతి ఏటా ఒకే పేరు చెబుతారు: గంగవ్వ. జగిత్యాల జిల్లా లంబాడిపల్లి నుంచి ‘మై విలేజ్ షో’తో బయలుదేరి 2020లో బిగ్ బాస్ ఇంటి దాకా పోయిన అవ్వ. మేం సభామర్యాద అని ఎవరో పెద్దమనిషిని పిలుస్తాం. సిరిసిల్లలో ఆయనకు శాలువా కప్పాలంటే గుండె ధైర్యం కావాలి. మడత విప్పగానే “పాలిస్టర్” అని ముందు వరుస తీర్పు చెబుతుంది. మీటరు ధర రెండో వరుస చెబుతుంది. ఆయన సినారెతో మొదలుపెడతాడు: పక్కనున్న హనుమాజీపేటలో 1931లో పుట్టాడు, ఉర్దూ మాధ్యమంలో చదివాడు, అయినా తెలుగులో 1988 జ్ఞానపీఠం అందుకున్నాడు. స్ఫూర్తి పొందాల్సిన పిల్లలు నా వైపు తిరిగి చూస్తారు. తెలుగు క్లాసు ఎగ్గొట్టినా పెద్దగా నష్టం లేదన్నమాట, అని ఆ చూపు.

వందన సమర్పణ పూర్తిగా విన్నవాళ్లను నేను ఇంతవరకు చూడలేదు. కోరుట్లలో సరిగ్గా ఆ సమయానికి గేటు దగ్గర ఎవరో “కథలాపూర్ బస్సూ!” అని కేక పెడతారు. సిరిసిల్లలో ఆ కేక గంభీరావుపేట పేరు మీద వస్తుంది. సగం హాలు లేచి ఉరుకుతుంది. గజ్జెలు విప్పే తీరిక ఉండదు. కూచిపూడి వేషంతో సత్యభామ ఫుట్‌బోర్డు మీద నిలబడి పోవడం మా ఊరి జనానికి కొత్త కాదు.

మార్చి 8 మా పంచాంగంలో వర్జ్యం. ఆడపిల్లలు నోరు విప్పి మాట్లాడాలని ఒక పెద్దాయన గంటన్నర చెప్పారు. మేమంతా నోరు విప్పకుండా విన్నాం.

ఏడాది చివర ఫేర్‌వెల్. ఫైనలియర్ పిల్లలు చీరల్లో వచ్చి, జూనియర్లను పట్టుకొని, కాటుక చెంపల దాకా కారేట్టు ఏడుస్తారు. మరునాడు పొద్దున్నే రికార్డు సంతకానికి వస్తారు. ఆ తర్వాత ప్రాక్టికల్స్‌కు, హాల్ టికెట్‌కు, నో డ్యూస్‌కు, టీసీకి. వీడ్కోలు చెప్పాక మా పిల్లలు వచ్చినన్ని సార్లు అంతకు ముందు క్లాసులకు రాలేదు. కొందరు పెళ్లి పత్రిక ఇవ్వడానికి వస్తారు, ఇంకొందరు చంకలో పాపతో వచ్చి ఆ పాపను కూడా స్టేజీ ఎక్కిస్తారు.

మొన్న దసరాకు అట్లాంటి పిల్లే ఒకతి కోరుట్ల అత్తగారింటి నుంచి ఫోన్ చేసింది. వాడకట్టు బతుకమ్మ బాధ్యత తన మీద వేసుకుందట. “డీజే వద్దని పెద్దోళ్లు, కావాలని చిన్నోళ్లు, పంచాయితి వెట్టిండ్రు మేడమ్. చెరో గంట రాసిచ్చిన. కోపమొస్తే రెండు దిక్కులా సమానంగా రావాలె గద? చందా లెక్క కాయితం గుడి గోడకు అంటువెట్టిన. పైసలు మిగిలినయి, అచ్చే ఏడు కిరాయి లేకుంట మైకు కొంటున్నం. మా అత్తమ్మ నా పక్కన నిలవడి చందా అడిగింది మేడమ్!”

ఈ పిల్లకు ఎకనామిక్స్‌లో బ్యాక్‌లాగ్ ఇంకా ఉంది. ఫీజు కట్టే ఆఖరి తేదీ చెబుదామని నోరు తెరిచేలోగా, మైకుకు ఎన్ని వాట్ల బాక్సులు కొనాలో చెప్పమంది. ఫిజిక్స్ సారును అడిగి చెబుతానన్నాను.