పరువుగారికి పరామర్శ

మన తెలుగిళ్లలో ఆడపిల్ల మీద అఘాయిత్యం జరిగితే మొట్టమొదట మంచం పట్టేది ఆ పిల్ల కాదు, పరువుగారు. పిల్ల లోపలి గదిలో మోకాళ్ల మీద తల ఆనించి కూర్చుని ఉంటుంది. పరువుగారు హాలు మధ్యలో వెల్లకిలా పడి ఉంటారు. ఇంటిల్లిపాదీ ఆయన చుట్టూ చేరతారు. ఒకరు విసురుతారు, ఇంకొకరు కాళ్లు పడతారు. "ఈయనకేమైనా అయితే ఇక మనం బతికేం లాభం!" అని నాన్న తల పట్టుకుంటాడు. కిటికీలు మూస్తారు, టీవీ సౌండు పెంచుతారు, పనిమనిషికి నాలుగు రోజులు సెలవిస్తారు. ఆ సెలవు కోసం ఆవిడ సంక్రాంతి నుంచీ మొత్తుకుంటోంది. పరువుగారి పుణ్యమా అని ఇప్పటికి దొరికింది.

"ఎవరికీ చెప్పకండి" అన్న కట్టుదిట్టం మీద విషయం ముందు మేనత్తకు చేరుతుంది. మేనత్త అదే కట్టుదిట్టం మీద తోటికోడలికి, ఆవిడ తన చెల్లెలికి చేరవేస్తారు. సాయంత్రానికల్లా బంధువర్గం ఆటోల్లో దిగుతుంది. యాపిల్ పళ్లు, హార్లిక్స్ సీసా కూడా వస్తాయి. పరామర్శకు వచ్చామంటారు. ఎవరి పరామర్శకో మాత్రం చెప్పరు. రాగానే "ఆయనెలా ఉన్నారు?" అన్నట్టు హాలులోకే చూస్తారు.

రాత్రి భోజనాలయ్యాక విచారణ సంఘం కూర్చుంటుంది. అధ్యక్షుడు పెద్దనాన్న. రిటైరైన హెడ్మాస్టరు కాబట్టి ప్రశ్నపత్రం తయారుచేయడం ఆయనకు వెన్నతో పెట్టిన విద్య. అన్ని ప్రశ్నలకూ సమాధానం చెప్పవలెను, చాయిస్ లేదు. ఆ టైములో అక్కడికెందుకు వెళ్లావు? ఒక్కదానివే ఎందుకెళ్లావు? తోడు ఉంటే, వాడితోనే ఎందుకెళ్లావు? ఒంటిమీద చున్నీ ఉందా? ఎందుకు అరవలేదు? అరిస్తే ఎవరికీ ఎందుకు వినపడలేదు? జరిగిన రోజే ఎందుకు చెప్పలేదు? ఇన్నాళ్లూ చెప్పనిదానివి ఇప్పుడెందుకు చెప్తున్నావు? ఇన్ని ప్రశ్నల్లో వాడి కోసం తయారైనది ఒక్కటీ ఉండదు. వాడు ఆ పరీక్షకు హాజరు కానక్కర్లేదు. వాడు పుట్టుకతోనే పాసు.

పెద్దనాన్న గట్టిగా అడగలేనివి అడగడానికి పిన్నిని లోపలికి పంపుతారు. పిన్ని మంచం అంచున కూర్చుని, గ్లాసులో హార్లిక్స్ కలుపుతూ గొంతు తగ్గిస్తుంది.

"నాతో చెప్పు తల్లీ, నేనెవరికి చెప్తాను? ఎంతవరకు జరిగింది?"

పిల్ల మాట్లాడదు.

"అంటే... పూర్తిగానేనా?"

పిల్ల గోడ వైపు తిరిగి పడుకుంటుంది. పిన్ని గ్లాసు బల్ల మీద పెట్టి హాలులోకి వచ్చి నివేదిక సమర్పిస్తుంది: "ఏం చెప్పట్లేదండీ. అంటే ఏదో ఉంది." సంఘం తలలాడిస్తుంది. లోపల హార్లిక్స్ మీద మీగడ కడుతుంది.

ఇక వాడెవడు? ఊరూ పేరూ లేని రాక్షసుడైతే పరువుగారికి కొంత ఉపశమనం. కానీ జాతీయ నేర గణాంకాల విభాగం ఏటా వేసే లెక్కల్లో అత్యాచారం కేసుల్లో నూటికి తొంభైకి పైగా వాటిలో నిందితుడు ఆ అమ్మాయికి తెలిసినవాడే. చుట్టం, పక్కింటివాడు, ట్యూషన్ మాస్టారు, ప్రేమించానన్నవాడు. ఒక్కోసారి విచారణ సంఘంలోనే సభ్యుడిగా కూర్చుని "పిల్లల్ని మనమే కాస్త కట్టడిలో పెట్టుకోవాలి" అని సలహా ఇచ్చి, కాఫీలో పంచదార తక్కువైందనేవాడు కూడా వాడే. 2022లో దేశంలో నమోదైన అత్యాచారం కేసులు 31,516. పరువుగారి మంచం కిందకు తోసేసినవి ఏ లెక్కలోకీ రావు.

"ఎందుకు అరవలేదు" అన్న ప్రశ్నకు ఘనమైన వంశచరిత్ర ఉంది. 1972లో మహారాష్ట్రలో ఒక ఆదివాసీ అమ్మాయిపై పోలీస్ స్టేషన్‌లోనే అఘాయిత్యం జరిగింది. ఒంటిమీద గాయాల్లేవు, ఎదిరించిన జాడ లేదు అంటూ 1978లో సుప్రీంకోర్టు ఆ పోలీసులను వదిలేసింది. ఇదేం న్యాయమని ఉపేంద్ర బక్షీ, లోతికా సర్కార్ సహా నలుగురు న్యాయశాస్త్ర అధ్యాపకులు 1979లో ప్రధాన న్యాయమూర్తికి బహిరంగ లేఖ రాశారు. ఆడవాళ్లు రోడ్డెక్కారు. 1983లో చట్టం మారింది. అదే 1978లో మన హైదరాబాద్‌లో, నల్లకుంట పోలీస్ స్టేషన్‌లో ఒక పేద ముస్లిం స్త్రీపై పోలీసులు అత్యాచారం చేశారని, ఆమె భర్త అయిన రిక్షా కార్మికుణ్ణి కొట్టి చంపారని ఊరు భగ్గుమంది. జస్టిస్ ముక్తదర్ కమిషన్ పోలీసులను తప్పుపట్టింది. ఆ తర్వాత కేసు కర్ణాటకలోని రాయచూరుకు తరలిపోయింది, పోలీసులు నిర్దోషులుగా బయటికొచ్చారు. నడిమధ్య కాలమంతా ఆమె నడవడి మంచిది కాదని రుజువు చేసే పనిలోనే గడిచింది.

భయం ముంచుకొచ్చినప్పుడు మనిషి ఒళ్లు కొయ్యబారిపోతుందని, గొంతు పెగలదని వైద్యులు చెప్తూనే ఉన్నారు. ఎదిరించలేదు కాబట్టి ఒప్పుకున్నట్టే అనుకోకూడదని 2013లో చట్టంలోనే రాసుకున్నాం. చట్టం 1978 దాటి వచ్చేసింది. పెద్దనాన్న ఇంకా అక్కడే ఉన్నాడు.

యువజన విభాగం సంగతి వేరు. అన్నయ్య గోడని గుద్ది చెయ్యి వాచేలా చేసుకుంటాడు. "వాణ్ణి నరికి పోగులు పెడతా" అని బండి తాళం కోసం వెతుకుతాడు. చూసేవాళ్లకు ఎంత ప్రేమో అనిపిస్తుంది. ఆ తర్వాతి ఘట్టం చూడండి. లోపల గదిలోని పిల్లే లేచి వచ్చి, అన్నయ్య చెయ్యి పట్టుకుని, "వద్దన్నయ్యా, నువ్వు జైలుకెళ్తే అమ్మ ఏమైపోతుంది" అని బతిమాలుతుంది. ఓదార్పు కావలసిన పిల్ల ఓదారుస్తుంది, ఓదార్చవలసిన వీరుడు వాచిన చేతికి ఐసుముక్క పెట్టించుకుంటాడు. మన సినిమాలు నేర్పిన విద్య ఇది. చెల్లెలి మానం ఇంటర్వెల్ ముందు పోవాలి, అన్న కత్తి ఇంటర్వెల్ తర్వాత లేవాలి. చెల్లెలు ఆ మధ్యలో ఉరేసుకుని కథకు అడ్డం తొలగాలి. బతికున్న చెల్లెలితో రెండో సగం ఎలా నడపాలో మన రచయితలకు తెలియదు. అన్నయ్యకూ తెలియదు.

ఊరంతా కలిసి అన్నయ్య అయిపోయిన రోజు కూడా చూశాం. 2019 డిసెంబరు 6న చటాన్‌పల్లి దగ్గర ఒక అత్యాచారం, హత్య కేసులో నలుగురు నిందితులను పోలీసులు కాల్చి చంపితే పూలు చల్లాం, మిఠాయిలు పంచుకున్నాం. అది చంపాలనే ఉద్దేశంతో జరిపిన కాల్పులేనని సుప్రీంకోర్టు నియమించిన సిర్పూర్కర్ కమిషన్ 2022లో తేల్చింది. ఆ పూట మన కోపం చల్లారింది. సొంత ఇంట్లో అమ్మాయి నోరు విప్పితే చెవి ఒగ్గి వినడం మాత్రం ఆ పూటా అలవడలేదు.

తర్వాత రంగప్రవేశం చేసేది రాజీ విభాగం. తెల్లచొక్కా పెద్దమనుషులు అరుగు మీద కూర్చుని గొంతు సవరించుకుంటారు. "జరిగిందేదో జరిగిపోయింది. కుర్రాడిదీ మన కులమే. ముహూర్తం చూసేస్తే పోలా?" దొంగతనం చేసినవాడికే బీరువా తాళాలు అప్పగించడం వీళ్ల న్యాయం. న్యాయస్థానాలకూ ఈ జబ్బు అప్పుడప్పుడు సోకింది. 2020లో మధ్యప్రదేశ్ హైకోర్టు ఒక లైంగిక వేధింపు నిందితుడికి బెయిలిస్తూ, ఆ మహిళ ఇంటికెళ్లి రాఖీ కట్టించుకోవాలని షరతు పెట్టింది. 2021లో సుప్రీంకోర్టు ఆ షరతును కొట్టేసి, పెళ్లి, రాజీ వంటి సూచనలు జడ్జీలు చేయకూడదని చెప్పింది. అత్యాచారం కేసులో రాజీ అన్న మాటకే తావు లేదని 2015లోనే చెప్పింది. అరుగుల మీదికి ఆ తీర్పుల కాపీలు ఇంకా అందినట్టు లేదు.

రాజీ కుదరకపోతే రక్షణ విభాగం పని మొదలెడుతుంది. ముందు పిల్ల ఫోను లాక్కుంటారు. తర్వాత కాలేజీ మాన్పిస్తారు. అమ్మమ్మగారి ఊరికి పంపించి, అక్కడ వాకిట్లోకి రావద్దంటారు. నేరం చేసినవాడు బెయిలు మీద సెంటర్లో టీ తాగుతుంటాడు, నేరానికి గురైన పిల్ల బెయిలు లేని ఖైదులో ఉంటుంది. దీన్ని మనం "పిల్లని కంటికి రెప్పలా చూసుకుంటున్నాం" అంటాం.

అదే అబ్బాయి మీద జరిగితే పరువుగారు మంచం కూడా పట్టరు. అసలు జరగలేదనేస్తారు. "మగపిల్లాడికి ఏమవుతుందిరా?" అని నవ్వేస్తారు. మొగుడే చేస్తే ఇంకా తేలిక: "సర్దుకుపోవే!" అంటుంది మేనత్త. ఈ విషయంలో చట్టమూ మన మేనత్త పక్షమే. పద్దెనిమిది దాటిన భార్య మీద భర్త చేస్తే దాన్ని అత్యాచారం అనడానికి మన చట్టానికి నేటికీ నోరు రాలేదు.

ఛానెళ్ల సంగతి చెప్పకపోతే వాళ్లు నొచ్చుకుంటారు. బాధితురాలి వివరాలు బయటపెడితే రెండేళ్ల దాకా జైలని భారతీయ న్యాయ సంహిత 72వ సెక్షన్ చెప్తుంది. అందుకే మనవాళ్లు పేరు చెప్పరు. ఊరు చెప్తారు, వీధి చెప్తారు, కాలేజీ గేటు చూపిస్తారు, తండ్రి నడిపే దుకాణం బోర్డు చూపిస్తారు, ముఖానికి మసక వేసి పక్కనే ఏడుస్తున్న తల్లిని పూర్తిగా చూపిస్తారు. ఆ క్లిప్పును బాబాయి కుటుంబ వాట్సాప్ గ్రూపులో పెట్టి, కింద చేతులు జోడించిన బొమ్మ తగిలిస్తాడు.

ఈ సందడిలో గడియారం ఒకటి తిరుగుతుంటుంది. హెచ్ఐవీ సోకకుండా ఇచ్చే మందులు 72 గంటల్లోపు మొదలుపెట్టాలి, అదీ ఎంత త్వరగా అయితే అంత మంచిది. గర్భం రాకుండా వేసే మాత్రకూ ఆలస్యం పనికిరాదు. పరువుగారి నాడి చూస్తూ మనం ఆ గంటలన్నీ ఖర్చు చేస్తాం. "ముందు తలంటు పోయండి, మైల పోతుంది" అని సాక్ష్యాన్ని కూడా కుంకుడురసంతో కడిగేస్తాం. మైల పట్టింది వాడికి, స్నానం ఈ పిల్లకు! స్నానం చేసేసినా, బట్టలు మార్చేసినా ఆస్పత్రికి వెళ్లవచ్చు, వెళ్లాలి. సర్కారు ఆస్పత్రైనా, ప్రైవేటు ఆస్పత్రైనా వెంటనే ఉచితంగా వైద్యం చేయాలి, కాదంటే అది నేరం. ఆమె ఒప్పుకుంటేనే పరీక్ష చేయాలి. రెండు వేళ్ల పరీక్ష చేసే డాక్టరు దుష్ప్రవర్తనకు పాల్పడినట్టేనని 2022లో సుప్రీంకోర్టు చెప్పింది. ఫిర్యాదు ఏ స్టేషన్‌లోనైనా ఇవ్వవచ్చు, "మా పరిధి కాదు" అనకుండా జీరో ఎఫ్ఐఆర్ రాసుకోవాలి. వాంగ్మూలం మహిళా అధికారే తీసుకోవాలి, అదీ ఇంట్లో గానీ, ఆమె కోరిన చోట గానీ. ఇవేవీ తెలియని పెద్దనాన్నకు చున్నీ కొలతలు మాత్రం తెలుసు.

నిజంగా అండగా నిలబడటం పెద్ద విద్యేం కాదు. "నేను నమ్ముతున్నాను. తప్పు నీది కాదు." ఈ రెండు మాటలు అనాలి. మూడోది ప్రశ్నే, కానీ పెద్దనాన్న ప్రశ్న కాదు: "నీకిప్పుడు ఏం కావాలి?" ఆమె చెప్పినంతే వినాలి, చెప్పనిది తవ్వకూడదు. కేసు పెట్టాలో వద్దో, ఎవరికి చెప్పాలో మేజరైన మనిషి నిర్ణయం. ఆమె శరీరం మీద ఒకడు ఆమె ఇష్టం లేకుండా పెత్తనం చేశాడు, ఇక ఆమె జీవితం మీద మనం చేయకూడదు. పద్దెనిమిదేళ్లు నిండని పిల్లలైతే లెక్క వేరు. తెలిసిన ప్రతి ఒక్కరూ పోలీసులకు చెప్పి తీరాలని పోక్సో చట్టం అంటుంది. అక్కడ దాచడమే నేరం. ఆ మేజరైన మనిషి కేసు పెడతానంటే స్టేషనుకూ, ఆస్పత్రికీ, వాయిదా వాయిదాకూ పక్కన నడవాలి. పెట్టనంటే పిరికిదనకూడదు. నెలల తర్వాత కూడా నిద్రలో ఉలిక్కిపడితే "ఇంకా అదేనా?" అనకూడదు. దారి తెలియకపోతే మహిళా హెల్ప్‌లైన్ 181కి ఫోన్ చేయవచ్చు. జిల్లాల్లో సఖి కేంద్రాలు వైద్యం, పోలీసు, న్యాయ సహాయం ఒకే చోట చూస్తాయి. తెలంగాణలో భరోసా కేంద్రాలున్నాయి. మనసు కుదుటపడటానికి టెలీ మానస్ 14416 ఉంది.

రేపు మీ ఇంట్లో ఎవరైనా గొంతు కూడదీసుకుని నోరు విప్పితే, మీ నోటికి తొలి పలుకుగా ప్రశ్న వచ్చేలా ఉంటే, దయచేసి మింగేయండి. ఎందుకెళ్లావు, ఎందుకు అరవలేదు అని అడగడానికి వాడు ఫీజు ఇచ్చి ఒక వకీలును పెట్టుకుంటాడు. ఆ పని మీరు ఉచితంగా చేసిపెట్టనక్కర్లేదు.