రెండుకూ మూడుకూ మధ్య

లింగంపేట దాటి ఎల్లారెడ్డి వైపు నాలుగైదు కిలోమీటర్లు పోయిందో లేదో, బానెట్ కింద 'ఫట్' మని ఒక్క చప్పుడు. ఆ వెంటనే చఫ్, చఫ్, చఫ్. అప్పటిదాకా టాప్ గేరులో హాయిగా లాగుతున్న బండి చిన్న ఎత్తు ఎక్కడానికి సెకండ్‌కు దిగాల్సి వచ్చింది. లోపల ఆరుగురు పెళ్లివాళ్లు, డిక్కీ నిండా సామాను. "కాన్‌రాడ్ పోయింది" అని ముందు సీట్లో పెద్దాయన తీర్పు చెప్పేశాడు. అంబాసిడర్ ముందు సీట్లో కూర్చున్న ప్రతి మనిషీ సగం మెకానిక్కే.

'నేను' అనడం ఈ బండికి రాదు. యాభై ఏళ్లకు పైగా కామారెడ్డి షెడ్లలో "బండి లేపు", "బండి పక్కకు పెట్టు" అన్న మాటలే విని విని, తన సంగతి కూడా ఇట్లా ఎవరిదో అయినట్టు చెప్పుకోవడం అలవాటైపోయింది.

పుట్టింది 1972లో, పశ్చిమ బెంగాల్ ఉత్తర్‌పరాలో, హిందుస్థాన్ మోటార్స్ కార్ఖానాలో. మార్క్ 2 మోడల్. ఒళ్లు ఇంగ్లండ్‌లోని మోరిస్ ఆక్స్‌ఫర్డ్ సిరీస్ 3 కారుది, గుండె బీఎంసీ వాళ్ల బీ సిరీస్ పెట్రోల్ ఇంజన్, 1489 సీసీ. అదే ఇంజన్ మరింత సానబెట్టుకుని అక్కడ ఎంజీఏ అనే రెండు సీట్ల స్పోర్ట్స్ కారులో పరుగులు తీసింది. ఇక్కడ కామారెడ్డి బెల్లం వ్యాపారిని మార్కెట్‌కూ ఇంటికీ మోసింది. ఆ తర్వాత చేతులు మారింది. 2014 మేలో ఉత్తర్‌పరాలో అంబాసిడర్ తయారీ ఆగిపోయిన నాటికి ఈ బండి పెళ్లిళ్లకు తప్ప బయటికి రావడం మానేసింది.

ఆ రోజు పెళ్లివాళ్లను ఎల్లారెడ్డికి ఎట్లాగో చేర్చింది. మర్నాడు ఖాళీగా, ఇరవై వేగంతో, తాడ్వాయి మీదుగా కామారెడ్డికి మళ్లీ వచ్చి ఉస్తాద్ షెడ్డు ముందు ఆగింది.

"ఉస్తాద్, మొన్నటిదాక మంచిగనే నడిచింది. ఒక్కసారే పికప్ పోయింది" అన్నాడు డ్రైవర్.

"సౌండ్ ముందా, పికప్ ముందా?"

"రెండూ ఒక్కసారే."

ఉస్తాద్ ఏమీ అనలేదు. ముందు డిప్‌స్టిక్ తీశాడు. ఆయిల్ నల్లగానే ఉంది, పాలు కలిపిన చాయ్ రంగుకు తిరగలేదు. రేడియేటర్ మూత తీస్తే నీళ్లు నిండుగా ఉన్నాయి, బుడగలు లేవు. ఇక్కడే చాలామంది బోల్తా పడతారు. నీళ్లలో ఆయిల్, ఆయిల్‌లో నీళ్లు లేకపోతే హెడ్ గాస్కెట్ బాగున్నట్టే అనుకుని పెట్రోల్ పంపు విప్పుతారు, కార్బొరేటర్ జెట్ ఊదుతారు, డెల్కోలో, అంటే డిస్ట్రిబ్యూటర్‌లో, పాయింట్లు గీకుతారు. సాయంత్రమవుతుంది. బండి మాత్రం చఫ్ చఫ్ అంటూనే ఉంటుంది.

ఆయన స్టార్ట్ చేయించి, పొడుగాటి స్క్రూడ్రైవర్ కొన ఇంజన్ మీద పెట్టి, పిడిని చెవి ముందు ఎముకకు ఆనించి కళ్లు మూసుకున్నాడు. కింద, బ్లాకు దగ్గర, గుద్దు లేదు. కాన్‌రాడ్ బేరింగ్ పోతే యాక్సిలరేటర్ నొక్కిన కొద్దీ సుత్తితో కొట్టినట్టు బరువుగా మోగుతుంది. పైన వాల్వ్ కవర్ దగ్గర టిక్ టిక్ మాత్రం ఉంది. కామ్‌షాఫ్ట్ క్రాంక్‌లో సగం వేగంతోనే తిరుగుతుంది కాబట్టి ఆ టిక్కు ఇంజన్ రెండు చుట్లకు ఒకటి చొప్పున, తీరిగ్గా వస్తుంది. ఆ ముసలి చప్పుడు బండికి ఎప్పటినుంచో ఉన్నదే. మరి చఫ్ ఎక్కడిది?

చేతికి మందపాటి గుడ్డ చుట్టుకుని ప్లగ్ వైర్లు ఒక్కొక్కటి లాగాడు. ఒకటో వైరు లాగితే ఇంజన్ కుంగింది. నాలుగోది లాగితే ఆగిపోబోయింది. రెండోది, మూడోది లాగితే బండికి పట్టనే లేదు.

పక్కపక్కన ఉన్న రెండు సిలిండర్లు ఒకే క్షణంలో చచ్చిపోతే ఆ రెండింటి మధ్య గోడలోనే నేరం ఉంటుంది. కంప్రెషన్ గేజ్ కూడా ఆ మాటే చెప్పింది. ఒకటి, నాలుగు నూట ఇరవై దగ్గర ఆగాయి, రెండు, మూడు నలభై కూడా ఎక్కలేదు. ప్లగ్ రంధ్రంలో చెంచాడు ఆయిల్ పోసి మళ్లీ చూశాడు. రింగులు అరిగి ఉంటే ఆయిల్ పట్టి ముల్లు పైకి లేవాలి. లేవలేదు.

"హెడ్ దింపుదాం" అన్నాడు.

ఈ ఇంజన్‌లో రెండు, మూడు పిస్టన్లు కలిసే లేస్తాయి, కలిసే దిగుతాయి. మంట వరస 1, 3, 4, 2. మూడోది గాలిని బిగిస్తున్నప్పుడు రెండోది పొగను బయటికి తోస్తుంటుంది. మధ్యలో గాస్కెట్ తెగితే మూడోదాంట్లో బిగిసిన గాలి కాస్తా రెండోదాంట్లోకి దూరి, తెరిచి ఉన్న వాల్వ్ గుండా సైలెన్సర్‌లోకి పోతుంది. చప్పుడు అదే, పోయిన బలం అదే. పైగా ఆ రెండు సిలిండర్ల ఎగ్జాస్ట్ వాల్వులు పక్కపక్కనే కూర్చుని ఒకే దారిలో పొగ వదులుతాయి. హెడ్ అంతటిలో ఎక్కువ కాలే చోటు అదే.

హెడ్ లేచాక గాస్కెట్‌ను వెలుతురులో పట్టి చూశారు. రెండు గుండ్రని రంధ్రాల మధ్య రాగి రేకు చిటికెన వేలు మందాన కాలి, నల్లటి కాలువలా తెగి ఉంది. ఉస్తాద్ దాన్ని వదిలి రాకర్ షాఫ్ట్ నట్ల వైపు చూశాడు. కొన్ని నట్లకు కొత్త పానా గాట్లు ఉన్నాయి.

"వాల్వ్ కవర్ ఎవరన్నా ఇప్పిన్రా?"

డ్రైవర్ నసిగాడు. నెల కిందట ఊరవతల ఇంకో షెడ్డులో టిక్ టిక్ పోగొట్టించాడు. పెళ్లివాళ్లు చప్పుడు చేసే కారు ఎక్కరని. అక్కడ రాకర్ షాఫ్ట్ విప్పి, తుడిచి, మళ్లీ బిగించారు. బిల్లు తక్కువే.

అసలు సంగతి ఇక్కడుంది. బీ సిరీస్‌లో రాకర్ షాఫ్ట్‌ను పట్టే నట్లలో నాలుగు హెడ్‌ను కూడా పట్టి ఉంచుతాయి. అవి మాత్రమే వదులు చేస్తే హెడ్ ఒక పక్క వదులై, ఇంకో పక్క బిగుసుకుని మెలిక తిరుగుతుంది. రాకర్ విప్పాలంటే నీళ్లు దింపి, హెడ్ నట్లన్నీ కొద్దికొద్దిగా వదులు చేయాలి. పెద్ద పని. టిక్ టిక్ కోసం అంత పని ఎవరు చేస్తారు? నిజానికి ఆ టిక్ టిక్ రోగం కాదు. ట్యాపెట్ కొంచెం మోగితే పరవాలేదు, మోగకుండా బిగిస్తే వాల్వ్ పూర్తిగా మూసుకోక అంచు కాలిపోతుంది. ఈ బండి మాట ఎవరూ అడగలేదు గానీ, ఆ చప్పుడు దానికి నచ్చినదే.

గాస్కెట్ సికింద్రాబాద్ రాణీగంజ్ నుంచి తెప్పించారు. హెడ్ మీద ఉక్కు పట్టీ నిలువునా, ఐమూలగా పెట్టి కింద ఫీలర్ గేజ్ దూర్చి చూస్తే మధ్యలో ఒంపు తేలింది. లేత్ షాపులో ఫేసింగ్ చేయించారు. బిగించేటప్పుడు నడుమ నుంచి అంచులకు, మూడు విడతల్లో. ఆ తర్వాత ట్యాపెట్లు తొమ్మిది లెక్కన. ఒకటో వాల్వ్ పూర్తిగా తెరుచుకున్నప్పుడు ఎనిమిదోది, మూడోది తెరుచుకున్నప్పుడు ఆరోది. రెండూ కలిపితే తొమ్మిది రావాలి. 15 థౌ గేజ్, అంటే 0.38 మిల్లీమీటరు, బిగువుగా జారాలి. షెడ్డులో పని నేర్చుకునే కుర్రాడు చోటూ గేజ్ లాగుతూ "వస్తలేదు ఉస్తాద్" అంటే, ఆయన "లాగినప్పుడు నెయ్యిలకెళ్లి వచ్చినట్టు రావాలె బిడ్డా" అని ట్యాపెట్ స్క్రూ రవ్వంత తిప్పాడు.

ఇంజన్ వేడెక్కి చల్లారాక నట్లు మళ్లీ ఒక పట్టు పట్టారు. హెడ్ ఆ కాస్త కూర్చుంటే ట్యాపెట్ సందు కూడా మారుతుందని వాటినీ తిరిగి చూసుకున్నారు.

మరుసటి వారం మళ్లీ ఎల్లారెడ్డి కిరాయి. అదే రోడ్డు, లింగంపేట దాటాక అదే ఎత్తు. టాప్ గేరులోనే ఎక్కింది. వెనక సీట్లో పెళ్లికొడుకు మేనమామ కాసేపు చెవి రిక్కించి, "డ్రైవర్ సాబ్, ఇంజన్ల ఏదో టిక్ టిక్ అంటున్నది" అన్నాడు. డ్రైవర్ రేడియో సౌండ్ పెంచాడు.