కెప్టెనమ్మ పెట్టెను

నేను రేకు ట్రంకుపెట్టెను. నల్లగా ఉంటాను. సైన్యంలో నాలాంటివాళ్ళను ‘కాలా బక్సా’ అంటారు. నేను విశాఖపట్నంలో పుట్టినా నా రేకు మాత్రం విశాఖ ఉక్కు కాదు. 1981లో పూర్ణామార్కెట్ దగ్గరి దుకాణంలో నాకు సుత్తిదెబ్బలు పడుతున్నప్పటికి ఉక్కు ఫ్యాక్టరీలో ఇంకా కొలిమే వెలగలేదు.

ఆ రోజు ఒక సన్నపాటి అమ్మాయి వాళ్ళ నాన్నతో వచ్చింది. ఆయన చిట్టివలస జూట్ మిల్లు కార్మికుడు. బేరమంతా ఆయనే ఆడాడు. అమ్మాయి నా మూత మూడుసార్లు తీసి మూసి, “కొక్కేలు గట్టివి వెయ్యండి, ఊళ్ళు తిరగాలి” అంది. దుకాణదారు నవ్వి, “సారెపెట్టా అమ్మా? పూలు వేయించమంటారా మూత మీద?” అన్నాడు.

“పూలొద్దు. పేరు రాయించండి. ముందు లెఫ్టినెంట్ అని పెట్టండి.”

తెల్ల పెయింటు ముంచిన కుంచె అతని చేతిలో ఒక క్షణం ఆగింది. లెఫ్టినెంట్ అంటే మొగాళ్ళ మాట అనుకున్నాడో, స్పెల్లింగు రాలేదో నేను చెప్పలేను.

కింగ్ జార్జ్ ఆసుపత్రిలో, అదే కెజిహెచ్‌లో, నర్సింగ్ చదువుకుని మిలిటరీ నర్సింగ్ సర్వీసులో చేరింది ఆమె. ఆ సర్వీసు 1926 నుంచీ ఉంది. అందులోవాళ్ళు నేవీ ఆసుపత్రిలో పనిచేసినా ర్యాంకులు మాత్రం ఆర్మీవే. ఉత్తరాదిన రెండు చోట్ల తిరిగి మేం మళ్ళీ విశాఖకే, నౌకాదళం ఆసుపత్రి ఐఎన్‌హెచ్‌ఎస్ కళ్యాణికి వచ్చేసరికి ఆమె కెప్టెన్. నేవీలో కెప్టెన్ అంటే యుద్ధనౌక నడిపేంత పెద్దాయన. కొత్తగా చేరిన సెయిలర్ ఒకడు కెప్టెన్ వస్తున్నారని విని, మంచం మీద జ్వరంతో పడుకున్నవాడల్లా లేచి అటెన్షన్‌లో నిలబడ్డాడట. వచ్చింది థర్మామీటరు పట్టుకున్న ఈవిడ. ఆ కథ తర్వాత ఉక్కు ఫ్యాక్టరీ కాలనీ ఉక్కునగరంలో చెప్పినప్పుడల్లా సారు కొత్తగా విన్నట్టే నవ్వేవారు.

సారంటే ఆమె భర్త. ఉక్కు ఫ్యాక్టరీలో ఇంజనీరు. ఇక్కడే నా కథలో చిక్కుంది. ఆసుపత్రి పేరు కళ్యాణి. అక్కడి నర్సమ్మకు కళ్యాణమైతే అప్పట్లో ఉద్యోగం పోవచ్చు. తప్పు ఆసుపత్రిది కాదు, దేశమంతటికీ ఒకటే రూలు. 1977 నాటి ఆర్మీ ఇన్‌స్ట్రక్షన్ 61లో నర్సింగ్ అధికారిణి ఉద్యోగం ఏయే కారణాలకు ముగుస్తుందో రాశారు: మెడికల్ బోర్డు పనికిరావంటే, పెళ్ళి చేసుకుంటే, దుష్ప్రవర్తన ఉంటే. జబ్బుకీ తప్పుడు నడవడికీ మధ్యలో పెళ్ళి! రాసినవాళ్ళకు పెళ్ళిళ్ళు కాలేదా అని నా అనుమానం.

1987లో ఒక రాత్రి డ్యూటీ దిగొచ్చి ఆమె నా మూత మీదే కాగితం పెట్టుకుని ఉత్తరం రాసింది. కలం ఒత్తిడి నాకు తెలుస్తూనే ఉంది. రెండు కాగితాలు చింపింది. మూడోది మడిచి కవర్లో పెట్టింది. తర్వాత భుజాల మీది మూడేసి నక్షత్రాలు ఊడదీసి చేతిరుమాల్లో కట్టి నా అడుగున పెట్టింది. ఆరేళ్ళ సర్వీసుకి పెన్షనేం వస్తుంది?

అలా సారెపెట్టెను కానన్న నేనే చివరికి సారెపెట్టెనై ఉక్కునగరం చేరాను. కొక్కేలకు పసుపు కూడా రాశారు. 1989లో పాప పుట్టింది. మరుసటేడు మొదటి బ్లాస్ట్ ఫర్నేసు ‘గోదావరి’ వెలిగించారు. ఆ పనుల్లో సారు వారాల తరబడి ఇంట్లో కంటే కొలిమి దగ్గరే ఎక్కువ ఉన్నారు. పాపకు ఒకసారి న్యుమోనియా వచ్చింది. సారుది రాత్రి సి షిఫ్టు, పైగా కరెంటు లేదు. ఆమె నాలోంచి పాత ఫాబ్ వాచీ తీసింది. నర్సులు చొక్కాకు తలకిందులుగా తగిలించుకుంటారే, అది. కిరసనాయిలు దీపం నా మీద పెట్టి, ఒక చెయ్యి పాప డొక్క మీద, కళ్ళు సెకన్ల ముల్లు మీద. గంటకోసారి ఊపిరి లెక్క, జ్వరం లెక్క గళ్ళకాగితం మీద చుక్కలు పెట్టి గీత కలిపింది, అచ్చం వార్డులో చార్టులాగే. తెల్లారుజామున గీత కిందికి దిగింది. అప్పుడు ఏడ్చింది. వార్డు డ్యూటీ దిగొచ్చిన ఏ రోజూ అలా ఏడవగా నేను చూడలేదు.

ఆ చార్టు ఇప్పటికీ నాలో ఉంది. కలరా ఉండల వాసనకి పురుగు పట్టలేదు.

ఉక్కునగరంలో ఆమెను అందరూ కెప్టెనమ్మ అనేవారు. ఇంజెక్షనుకీ, బీపీ చూపించుకోడానికీ వరస కట్టేవారు. హుద్‌హుద్ తుపాను వచ్చిన 2014 అక్టోబరు 12న కిటికీ అద్దాలు పగిలి, గోడ అలమర నా మీద పడి నా ఎడమ కొక్కెం వంగిపోయింది. ఆమె నన్ను పక్కకి తోసి టార్చీ, బీపీ మిషను తీసుకుని, పడిపోయిన చెట్లు దాటుకుంటూ షుగరున్న పక్క క్వార్టరు పెద్దాయన దగ్గరికెళ్ళింది. అప్పటికామెకు యాభై అయిదేళ్ళు. సారు వెనక కేకలేస్తున్నారు, “ఏమే, డ్యూటీ ఎవరు వేశారే నీకు?” అని.

నా మూత లోపలివైపు చూస్తే ఇంకో కథ తెలుస్తుంది. అక్కడామె పేపరు ముక్కలు అంటించేది. 1992లో నేవీ ఆడపిల్లలను అధికారులుగా తీసుకున్న వార్త మొదటిది. అప్పటికి పాపకు మూడేళ్ళు, ఆ ముక్క పాప కోసమేనని నాకు అప్పుడే తెలుసు. పిల్ల 2012లో ఎళిమల నౌకాదళ అకాడమీకి వెళ్ళింది. 2018లో ‘తారిణి’ అనే తెరచాప పడవ మీద ఆరుగురు నేవీ అమ్మాయిలు ప్రపంచం చుట్టి వచ్చారు. 254 రోజులు. అందులో మన విశాఖ పిల్ల లెఫ్టినెంట్ కమాండర్ పి. స్వాతి ఉంది. వాళ్ళు కేప్ హార్న్ దాటారన్నరోజు కెప్టెనమ్మ మ్యాపు మీద వేలుపెట్టి సారుకి చూపించింది. 2020 మార్చి 17 నాటి సుప్రీంకోర్టు తీర్పు, నేవీ మహిళలకూ పర్మనెంట్ కమిషన్ అన్నది, మనవడికి తినిపిస్తూ అన్నం మెతుకులతోనే అంటించింది. పిల్లకు ఆరునెలల ప్రసూతి సెలవు ఇచ్చారు, అదయ్యాక ఉద్యోగానికి వెళ్ళింది. మనవణ్ణి ఈవిడే పెంచింది.

ఒక్క ముక్క మాత్రం అంటించలేదు. పెళ్ళి చేసుకుందని 1988లో తీసేసిన ఒక నర్సింగ్ లెఫ్టినెంటుకు అరవై లక్షలు పరిహారం ఇవ్వమని 2024 ఫిబ్రవరి 14న సుప్రీంకోర్టు చెప్పింది. సెలినా జాన్ కేసు. ఆ పాత రూలు 1995లోనే పోయింది, తీర్పుకి మరో ఇరవై తొమ్మిదేళ్ళు పట్టింది. కెప్టెనమ్మ ఆ వార్తను నాలుగు మడతలు పెట్టి నక్షత్రాల రుమాల్లో దాచింది. సెలవుకొచ్చిన కూతురు చూసేసింది.

“అమ్మా, నిన్నూ ఇలాగే తీసేశారా?”

“నన్నెవరూ తియ్యలేదమ్మలూ. నేనే రాసిచ్చేశాను.” కాసేపు పప్పు ఏరుతూ కూర్చుని, “తీసేసేదాకా ఎందుకని,” అంది.

అంతకు మించి ఆ సంగతి ఆమె నోట నేను వినలేదు. నలభై ఏళ్ళు పక్కనున్నదాన్ని, వినుంటే చెప్పేదాన్నే.

పోయిన మాఘమాసంలో ఆమె పోయింది. నిద్రలోనే. పదమూడో రోజు తర్వాత కూతురు నన్ను వరండాలోకి లాగి తుప్పు గీకింది. పాత పేరు దగ్గరికొచ్చి గరుకు కాగితం పక్కన పెట్టేసింది. దాని చుట్టూ నల్లరంగు వేసి, కింద తన పేరూ ర్యాంకూ తెల్ల పెయింటుతో తనే రాసుకుంది. మనవడు చదివి, “రెండు పేర్లుంటే పెట్టె ఎవరిదంటారు?” అన్నాడు. కూతురు జవాబు చెప్పలేదు, మూత ఆరనిచ్చింది.

ఇప్పుడు నాకు కొచ్చి బదిలీ. రేపు పొద్దున్న లారీ వస్తుంది. మీలో ఎవరైనా అక్కడ ఉంటే, ఎత్తేవాళ్ళకు ఒక్క మాట చెప్పండి. నన్ను ఎడమ కొక్కెం పట్టుకుని లేపొద్దు, అది హుద్‌హుద్ నాటి నుంచీ వదులు.