చుక్కలు లెక్కపెట్టండి

నా పేరు టీఏ100. సాల్మొనెల్లా బాక్టీరియాని. 1970ల్లో అమెరికాలోని బర్క్‌లీ విశ్వవిద్యాలయంలో బ్రూస్ ఏమ్స్ బృందం నన్ను తయారుచేసింది. కావాలనే అర్భకంగా చేశారు. హిస్టిడిన్ అనే అమైనో ఆమ్లం లేనిదే నేను పెరగలేను. దాన్ని సొంతంగా చేసుకునే జన్యువు నాలో చెడిపోయి ఉంది. విషం సులువుగా దూరేలా నా పైపొరను పలచన చేశారు. దెబ్బతిన్న డీఎన్‌ఏను బాగుచేసుకునే దారి ఒకటి మూసేశారు. నన్ను అడిగిన ప్రయోగశాలలకు ఏమ్స్ ఉచితంగానే పంపాడు. అందుకే ప్రపంచమంతా తిరిగాను.

పరీక్ష రోజున నన్నూ, క్యాన్సర్ తెస్తుందేమోనని అనుమానమున్న పదార్థాన్నీ, కాస్త ఎలుక కాలేయపు రసాన్నీ గోరువెచ్చటి పలచని అగర్‌లో కలిపి పళ్లెంలో పోస్తారు. కాలేయం ఎందుకంటే, పొగలో ఉండే బెంజోపైరిన్ లాంటివి అక్కడ మార్పు చెందాకే డీఎన్‌ఏను కరుస్తాయి. పళ్లెంలో హిస్టిడిన్ నామమాత్రం. 37 డిగ్రీల వెచ్చదనంలో రెండు రోజులుంచుతారు. ఆ పదార్థం నా డీఎన్‌ఏను మార్చగలిగేదైతే మాలో కొందరి చెడిన జన్యువు తిరిగి పనిచేస్తుంది. వాళ్లే పెరిగి తెల్లటి చుక్కలవుతారు. విషం లేని పళ్లెంలోనూ నా చుక్కలు వంద పైచిలుకు వస్తాయి. అంతకు రెట్టింపో, ఇంకా ఎక్కువో వచ్చి, మోతాదుతోపాటు పెరుగుతుంటే అనుమానించాల్సిందే, డీఎన్‌ఏను మార్చేది క్యాన్సర్‌నూ తేవచ్చు. ఎలుకల మీద ఇదే తేల్చడానికి రెండేళ్లు పడుతుంది. డీజిల్ మసి సంగతైతే నా తోబుట్టువు టీఏ98ని అడగండి, నాకంటే చురుకు.

నాకు అంతుపట్టనివీ ఉన్నాయి. ఆస్బెస్టాస్, ఆర్సెనిక్, బెంజీన్ మూడూ మనుషులకు క్యాన్సర్ తెచ్చేవే. వాటి పళ్లెంలో నా చుక్కలు పెరగవు. నా మౌనాన్ని యోగ్యతాపత్రంగా చూపించేవాళ్లను నమ్మకండి.

నేను గట్టిగా చెప్పిన సంగతి ఒకటుంది. పసిపిల్లల రాత్రి దుస్తులకు నిప్పంటుకోకుండా ట్రిస్ అనే బ్రోమిన్ రసాయనం పట్టించేవారు. నా పళ్లెంలో చుక్కలు పొంగుకొచ్చాయి. శాస్త్రవేత్త ఆర్లీన్ బ్లమ్, ఏమ్స్ కలిసి 1977లో ఆ సంగతి రాశారు. ఆ ఏడాదే అమెరికా ఆ దుస్తులను నిషేధించింది. మరుసటి ఏడాది, అవి తొడుక్కున్న పిల్లల మూత్రంలోనే దాని అవశేషం దొరికింది. నిద్రలో బట్టలోంచి చర్మంలోకి ఎక్కిందన్నమాట. దాని బదులు తెచ్చిన క్లోరిన్ ట్రిస్‌కూ నా పళ్లెంలో చుక్కలే వచ్చాయి. పిల్లల బట్టల్లోంచి దాన్నీ తీసేశారు. సోఫాల ఫోమ్‌లో మాత్రం దశాబ్దాలపాటు వాడుతూనే ఉన్నారు.