వచ్చే సీజన్‌కి స్టార్లు వద్దు: మల్కాజ్‌గిరి కాలేజీ టీములకు తలకిందుల సలహాలు

మల్కాజ్‌గిరి, నేరేడ్‌మెట్, మౌలాలి వైపు డిగ్రీ కాలేజీల్లో ఫుట్‌బాల్ టీము నడిపే పీడీ సార్లకు, కెప్టెన్లకు ఈ సలహాలు. ఏ కోచింగ్ క్యాంపులోనూ ఇలా చెప్పరు. పాటిస్తే పక్క కాలేజీవాళ్లు నవ్వుతారు, మీ ప్రిన్సిపాల్ కోప్పడతారు. అయినా వచ్చే సీజన్‌కి ఇలాగే చేయండి.

మొదటి సంగతి, సర్టిఫికెట్లున్న కుర్రాళ్ల వెంట పడకండి. అడ్మిషన్ల సమయం వచ్చిందంటే చాలు, స్టేట్ ఆడినవాడు ఎక్కడున్నాడు, వాడికి ఫీజు తగ్గించి తెచ్చుకుందామా అని ఫోన్లు మొదలవుతాయి. మన దగ్గర డిగ్రీ సీట్లు చాలావరకు దోస్త్ ఆన్‌లైన్ అడ్మిషన్ల ద్వారా నిండుతాయి. స్పోర్ట్స్ కేటగిరీ ఉన్నమాట నిజమే, కానీ దాంట్లో వచ్చే ఒకరిద్దరితో పదకొండు మంది కారు. మార్కులూ ఆప్షన్లూ చూసి కంప్యూటర్ మీ కాలేజీకి ఎవరిని పంపితే వాళ్లే మీ టీము. అందుకని బయట వెతకడం మానేసి, వచ్చినవాళ్లలో వెతకండి.

ఒక ఆదివారం గ్రౌండులో సెలక్షన్స్ పెట్టి, బంతిచ్చి, ఎవడు బాగా తన్నుతాడో చూసి పేర్లు రాసుకోవడం అందరూ చేసే పనే. ఆ రోజు మెరిసేది చిన్నప్పటినుంచీ బంతి ఉన్న ఇళ్ల పిల్లలు. మీకు కావలసినవాళ్లు ఆ రోజు రానే రారు. క్లాసులు మొదలైన వారంలో కాలేజీ గేటు దగ్గర నిలబడండి. సఫిల్‌గూడ స్టేషన్లో ఎంఎంటీఎస్ దిగి ఆటో ఎక్కకుండా పరుగెత్తుకొచ్చేవాణ్ణి గుర్తుపెట్టుకోండి. స్కూల్లో ఖోఖో ఆడినవాడెవరో అడగండి, ఒక్క అడుగులో దిశ మార్చడం వాడికి ఒంటబట్టి ఉంటుంది, వింగ్‌లో పెట్టండి. కబడ్డీలో క్యాచ్ పట్టినవాడికి ఎదుటివాడి కాళ్లు చదవడం తెలుసు, వాణ్ణి బ్యాక్‌గా తీసుకోండి. వాలీబాల్ కుర్రాడు ఉంటే పండగే, గాల్లో బంతి ఎక్కడ దిగుతుందో వాడికి చెప్పనక్కర్లేదు, కీపర్ దొరికినట్టే. బంతి తన్నడం మూడు నెలల్లో వస్తుంది. పరుగు, ఓర్పు, దెబ్బ తగిలినా లేచే గుణం మూడు నెలల్లో రావు.

ఇక అందరూ అభ్యంతరం చెప్పే సలహా. మీ టీములో గోల్స్ కొట్టే కుర్రాణ్ణి ఫార్వర్డ్ నుంచి తీసేయండి. ఏ చోట అలవాటుపడ్డాడో ఆ చోటు కాకుండా ఇంకోచోట సీజన్‌లో సగం ఆడించండి. కీపర్‌ని ముందుకు పంపండి, బ్యాక్‌ని స్ట్రైకర్ చేయండి.

దీనికి సాక్ష్యం మన సికింద్రాబాద్‌లోనే ఉంది. పీటర్ తంగరాజ్ ఇక్కడి మార్నింగ్ స్టార్, ఫ్రెండ్స్ యూనియన్ క్లబ్బుల్లో ఆట మొదలుపెట్టాడు. తర్వాత మద్రాస్ రెజిమెంటల్ సెంటర్లో చేరాడు. చేరినప్పుడు ఆడింది సెంటర్ ఫార్వర్డ్‌గా. అక్కడే అతణ్ణి గోల్‌పోస్టుల మధ్యకు మార్చారు. 1958లో ఆసియాలోకెల్లా ఉత్తమ గోల్‌కీపర్ అనిపించుకున్నది ఆ మాజీ ఫార్వర్డే. ఫార్వర్డ్ ఎప్పుడు, ఏ కాలితో, ఏ మూలకు కొడతాడో ఒకప్పుడు తానే కొట్టినవాడికి తెలిసినంతగా ఇంకెవరికి తెలుస్తుంది?

దానికి తిరగేసిన ఉదాహరణ 1962 జకార్తా ఆసియా క్రీడలది. జర్నైల్ సింగ్ దేశంలోనే పేరుమోసిన డిఫెండర్. థాయ్‌లాండ్ మీద ఆడుతుండగా తల పగిలి కుట్లు పడ్డాయి. కోచ్ సయ్యద్ అబ్దుల్ రహీం అతణ్ణి బెంచి మీదే వదిలేయలేదు, సెంటర్ ఫార్వర్డ్‌గా ముందుకు పంపాడు. సెమీఫైనల్లో దక్షిణ వియత్నాం మీద గోల్ కొట్టాడు జర్నైల్. సెప్టెంబర్ 4న ఫైనల్లో దక్షిణ కొరియా మీద పీకే బెనర్జీ ఒక గోల్, జర్నైల్ ఒక గోల్. 2-1తో స్వర్ణం మనదైంది. ఎవరి జాగాలో వాళ్లే ఉండాలనే పట్టుదల రహీంకు ఉండి ఉంటే ఆ గోల్ లేదు.

రహీం సాబ్ పేరు వచ్చింది కాబట్టి ఆయన దగ్గరే ఇంకొంచెం ఆగుదాం. హైదరాబాద్‌లో బడిపంతులు, ఉస్మానియాలో చదివినవాడు. ఆయన చేతిలో హైదరాబాద్ సిటీ పోలీస్ టీము 1950 నుంచి 1954 దాకా వరుసగా 5 సార్లు రోవర్స్ కప్ గెలిచింది. కుర్రాళ్లకు డ్రిబ్లింగే చేయకూడదనే టోర్నమెంట్లు, బలహీనమైన కాలితోనే ఆడాలనే టోర్నమెంట్లు పెట్టించిన కోచ్ ఆయన. చూసేవాళ్లకు అది వింతగా ఉంటుంది, కుర్రాళ్లకు చిరాకు. మీరూ అదే చేయండి. సీజన్ మొదటి నెలలో కుడికాలి ఆటగాడు కుడికాలితో కొట్టిన గోల్ లెక్కలోకి రాదని రూలు పెట్టండి. రెండో నెల బంతిని రెండుసార్లకు మించి తాకితే ఫౌల్. మీ ఆట చూడ్డానికి అందంగా ఉండదు. కానీ ఇంటర్ కాలేజ్ టోర్నమెంట్ వచ్చేసరికి ఎడమవైపు బంతి అందిన కుర్రాడు దాన్ని కుడికాలి మీదకు తిప్పుకుంటూ డిఫెండర్‌కి టైమివ్వడు. అక్కడే కొట్టేస్తాడు.

తర్వాత, గెలిచే ఫ్రెండ్లీలు ఆడకండి. చుట్టుపక్కల బలహీనమైన టీములను పిలిచి 6-0, 7-0 కొడితే కుర్రాళ్లకు ధైర్యం వస్తుందంటారు. ఆ ధైర్యం మొదటి గట్టి టాకిల్‌తో పోతుంది. లాలాగూడ వైపు రైల్వే ఉద్యోగులతో, కంటోన్మెంట్‌లో ఆడే ఆర్మీ కుర్రాళ్లతో, పాతికేళ్లు దాటిన ఒడ్డూపొడుగున్న మనుషులతో మ్యాచ్‌లు అడిగి పుచ్చుకోండి. ఓడిపోండి, చిత్తుగా ఓడిపోండి. జకార్తాలో మన జట్టు తొలి మ్యాచ్‌లో ఇదే దక్షిణ కొరియా చేతిలో 0-2తో ఓడింది. ఎదుటివాడి బలం ముందే ఒంటికి తెలిసింది కాబట్టి ఫైనల్ నాటికి దానికి విరుగుడు ఆలోచించుకోగలిగింది. ఓడిన రాత్రి కుర్రాళ్లతో మీటింగ్ పెట్టి తిట్టకండి. ఒక్క ప్రశ్న అడిగి పంపండి: రేపు మళ్లీ వాళ్లతోనే ఆడితే ఏం మారుస్తావు?

గ్రౌండు గురించి గోల మానండి. మల్కాజ్‌గిరిలో పూర్తి కొలతల గ్రౌండు దొరకదు. దొరికినచోట సగం టెన్నిస్ బాల్ క్రికెట్‌కి పోతుంది. మిగిలిన సగంలోనే ఐదుగురు చొప్పున ఆడండి. ఇరుకులో ఆడితే ఒక్కొక్కడి కాలికి బంతి ఎక్కువసార్లు తగులుతుంది, ఆలోచించే టైము తగ్గుతుంది. గంటకింతని అద్దెకిచ్చే టర్ఫ్‌ల జోలికి వెళ్లకండి. మట్టి మీద బంతి ఎగిరే తీరు వేరు, ఆ నున్నటి గడ్డి అలవాటైన కుర్రాడు గులకరాళ్ల గ్రౌండులో బంతి ఆపలేడు.

టర్ఫ్ అద్దె లేక మిగిలిన డబ్బుతో కొత్త జెర్సీలు కూడా కొనకండి. నిరుటివే చాలు. ఆ డబ్బు బస్ పాసులకు, ప్రాక్టీస్ అయ్యాక గుడ్లకు, అరటిపండ్లకు పెట్టండి. తులసీదాస్ బలరాం మన అమ్ముగూడ కుర్రాడు. మల్కాజ్‌గిరి నుంచి బొల్లారం వైపు రైలెక్కితే నాలుగైదు స్టేషన్లకు అమ్ముగూడ వస్తుంది. పేదింటి పిల్లవాడు కావడంతో హైదరాబాద్ దాకా ప్రాక్టీస్‌కి రావడానికి దారిఖర్చు లేకపోతే, సైకిల్ అద్దెకు డబ్బిచ్చి రప్పించుకున్నది రహీం సాబే. ఆ బలరాం 1956 మెల్‌బోర్న్ ఒలింపిక్స్‌లో 4వ స్థానంలో నిలిచిన జట్టులో ఉన్నాడు, 1962 స్వర్ణం జట్టులోనూ ఉన్నాడు. సైకిల్ అద్దెకంటే మంచి రిక్రూట్‌మెంట్ ఖర్చు ఈ నగర చరిత్రలో నాకు కనిపించదు.

ప్రాక్టీస్ తగ్గించండి. వారానికి నాలుగు రోజులు చాలు. మీ కుర్రాళ్లలో సగం మంది సాయంత్రాలు ఫంక్షన్ హాళ్లలో సర్వింగ్‌కో, డెలివరీ పనికో వెళ్తుంటారు. వాళ్లను పొద్దున ఐదింటికి రమ్మని, రాకపోతే టీములోంచి తీసేస్తామంటే పోయేది మీ మంచి ఆటగాళ్లే. క్లాసుల్లో అటెండెన్స్ పడిపోయినవాణ్ణి మాత్రం మ్యాచ్‌కి తీసుకెళ్లకండి, ఎంత పెద్ద మ్యాచ్ అయినా సరే. పరీక్ష రాయలేకపోయినవాడికి వచ్చే ఏడాది కాలేజీయే ఉండదు.

అమ్మాయిల టీముంటే వాళ్లకు వేరే టైము కేటాయించకండి. అదే టైములో, అదే సగం గ్రౌండులో, కలిపి ఆడించండి. నిజామాబాద్ జిల్లా తండా నుంచి భారత జట్టు దాకా వెళ్లిన సౌమ్య గుగులోత్ ఇప్పుడు మన రాష్ట్రంలో బంతి తన్నే ప్రతి అమ్మాయికీ తెలుసు. మీ కాలేజీలో చేరిన అమ్మాయికి సాయంత్రం ఆరు తర్వాత మిగిలిన పావుగంట ఇస్తే ఆ పేరు తెలిసి ఏం లాభం?

మరి వచ్చే సీజన్ ఎలా ఉంటుంది? ఇలా చేస్తే కప్పు రాదు. క్వార్టర్స్ కూడా దాటకపోవచ్చు. జాగాలు మారిన కుర్రాళ్లు తప్పులు చేస్తారు, ఖోఖో కుర్రాడు ఆఫ్‌సైడ్‌లో పడుతూనే ఉంటాడు. డిగ్రీ మూడేళ్లది, ప్రతి ఏటా టీములో మూడోవంతు వెళ్లిపోతుంది. కాబట్టి లెక్క మూడేళ్లకు వేయండి. ఈ ఏడు ఫస్టియర్లో దొరికిన కీపర్ థర్డియర్‌కి వచ్చేసరికి మీరు కప్పు గురించి మాట్లాడవచ్చు. ఆగస్టులోనే ప్రిన్సిపాల్ గారి దగ్గరకెళ్లి ఈ మాట సూటిగా చెప్పండి, నవంబర్‌లో ఓడిపోయి వచ్చాక చెబితే సాకులా వినిపిస్తుంది.

అన్నిటికంటే ముందు కీపర్‌నే వెతకండి, ఫార్వర్డ్‌ని చివర్లో. 2022 మార్చి 20న గోవాలో హైదరాబాద్ ఎఫ్‌సీ ఐఎస్‌ఎల్ గెలిచింది పెనాల్టీ షూటౌట్లో. కేరళ బ్లాస్టర్స్ కొట్టిన పెనాల్టీల్లో మూడింటిని ఆపినవాడు కీపర్ లక్ష్మీకాంత్ కట్టిమణి. నాకౌట్ మ్యాచ్ డ్రా అయితే మీ గతీ ఆ ఒక్కడి చేతుల్లోనే. అందుకని పెనాల్టీలు ప్రాక్టీస్ మొదట్లో కాకుండా, అందరూ పరుగెత్తి కాళ్లు లాగుతున్నప్పుడు ఆఖర్న కొట్టించండి. ఆ కీపర్‌కి గ్లవ్స్ మాత్రం రెండు జతలు కొనండి, వానాకాలంలో ఒక జత ఆరేలోగా రెండోది కావాలి.